సామాన్యుల వాహనము: సైకిలు

ఏ యూరి ప్రధాన వీధిలోనైనను తెల్లవారుజామున నిలిచి చూచినచో సూర్యోదయమునకు ముందే సైకిళ్ళు కదలుచుండుట కానవచ్చును. పాలక్యానులను ఇరుప్రక్కల వ్రేలాడదీసికొని పోవువారు, వార్తాపత్రికలు పంచు బాలురు, ఆకుకూరల గంపను క్యారియరుపై కట్టుకొని సంతకు బోవువారు, తాపీని సంచిలో వైచుకొని కట్టుబడిపనికి బోవు కూలివారు, కొంచెము ప్రొద్దెక్కిన పిమ్మట పుస్తకముల సంచులతో పాఠశాలకు వచ్చు విద్యార్థులు, వీరందరును సైకిలును నమ్ముకొన్నవారే. వీరిలో పందెమునకై సైకిలెక్కినవారు లేరు. వ్యాయామమునకై యెక్కినవారును అరుదు. చేరవలసిన తావునకు సకాలమున చేరుటయే వీరి కోరిక.

ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఇట్టివారిని గూర్చియే. ఒక సామాన్య మానవుడు తన నిత్యకృత్యమునకు సైకిలు నెక్కుటకు ఏవి తోడ్పడినవి? ఏవి అడ్డుపడినవి? సైకిలు చరిత్రను పరిశీలించి చూడగా ఈ త్రోవలో మూడు అడ్డుగోడలు కానవచ్చుచున్నవి. మొదటిది యంత్రముయొక్క లోపమును దాని వెలయును. రెండవది లోకాచారము. మూడవది బాట. మొదటి గోడను శిల్పులును వర్తకులును పడగొట్టిరి. రెండవదానిని పడగొట్టుటలో పేద స్త్రీలును బాలికలును అగ్రగణ్యులైరి. మూడవది మన దేశమున ఇంకను నిలిచియే యున్నది. ఒక్కొక్కదానిని గూర్చి క్రమముగ వివరించెదము.

యంత్రము కుదుటబడిన విధము

సైకిలునకు మూలపురుషుడు జర్మనీ దేశపు కార్ల్ ఫాన్ డ్రైస్ అను నతడు. అతడు 1817వ సంవత్సరము జూన్ 12వ తేదీన మాన్‌హైమ్ పట్టణమున, ఒకదాని వెనుక నొకటిగా రెండు కొయ్యచక్రములు గల బండిపై గూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుచు ముందునకు సాగిపోయెను. దానికి పెడలు లేదు, గొలుసు లేదు, రబ్బరు లేదు. అయినను ఒకే వరుసనున్న రెండు చక్రములపై మనుజుడు పడిపోకుండ ప్రయాణము చేయగలడను సత్యము ఆనాడు తేటపడెను. 1860 తరువాతి సంవత్సరములలో పారిస్ నగరమున ముందుచక్రపు ఇరుసునకు పెడళ్ళు తగిలించిరి. పియేర్ మిషో అను కమ్మరియొక్క కర్మశాలలో నట్టి బండ్లు తయారై అమ్ముడుపోయెను.

అయితే పెడలు చక్రమునకే తగిలియున్నందున ఒక చిక్కు కలిగెను. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒక చుట్టే తిరుగును. ఎక్కువ దూరము పోవలెనన్న చక్రమునే పెద్దది చేయవలసియుండెను. అందువలన 1870 తరువాత ఇంగ్లండులో ముందుచక్రము దాదాపు అయిదడుగుల ఎత్తును, వెనుకచక్రము మిక్కిలి చిన్నదియు నగు బండ్లు వాడుకలోనికి వచ్చెను. వానిపై గూర్చున్నవాని కాళ్ళు నేల కందవు. దారిలో రాయి తగిలినచో నతడు తలక్రిందుగ ముందునకు పడును. బలమును, సాహసమును, తీరికయు గల యువకులకు దక్క వృద్ధులకుగాని స్త్రీలకుగాని బరువు మోయవలసినవారికిగాని ఆ వాహనము పనికిరాదయ్యెను.

ఈ చిక్కును విప్పినది గొలుసు. 1885లో ఇంగ్లండు దేశపు కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ అను నతడు 'రోవర్' అను సైకిలును నిర్మించెను. పెడళ్ళను రెండు చక్రముల నడుమ నుంచి, పండ్లచక్రమును గొలుసును సాధనములుగా జేసి వెనుకచక్రమును త్రిప్పుట దానిలోని ఉపాయము. దీని ఫలితమును చిన్న లెక్కతో చూడవచ్చును. పెడళ్ళ యొద్దనున్న చక్రమునకు 48 పండ్లును, వెనుకనున్న దానికి 18 పండ్లును గలవనుకొందము. పెడలు ఒక చుట్టు తిరుగునప్పటికి వెనుకచక్రము 48ని 18 చేత భాగింపగా వచ్చునన్ని చుట్లు, అనగా రెండు చుట్లును మూడింట రెండు వంతులును తిరుగును. మనకు పరిచితమైన 28 అంగుళముల చక్రము ఒక చుట్టు తిరిగిన సుమారు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు సాగును. కావున ఒక త్రొక్కుడు చుట్టునకు బండి దాదాపు 6 మీటర్లు ముందునకు బోవును. అయిదడుగుల చక్రము చేయలేని పనిని చిన్న చక్రము చేసినది! కాళ్ళు నేల కందుచుండగనే వేగము లభించెను.

మిగిలిన లోపము కుదుపు. దానిని 1888లో బెల్‌ఫాస్టు పట్టణమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయ్డ్ డన్‌లప్ తీర్చెను. తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్ళపై ఎగిరిపడుట చూచి, అతడు రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రములకు చుట్టెను. గాలిచక్రము వచ్చిన పిమ్మట సైకిలు రూపము నిలుకడ చెందినది. నేడు మనము త్రొక్కుచున్న సైకిలు ముఖ్యాంశములయందు 1890 నాటి సైకిలే. నూటముప్పది సంవత్సరములకు పైగా మూలరూపము మారని యంత్రములు లోకమున మిక్కిలి తక్కువ.

నడకకంటె సైకిలు ఏల సులభము? నడచువాడు ప్రతి యడుగునకును తన దేహభారమును కొంచెము పైకెత్తి మరల దింపుచుండును. సైకిలుపై నున్నవాని భారమును బండియే మోయును. ఇరుసులలోని ఉక్కుగుండ్లు రాపిడిని తగ్గించును. కావున చదునైన నేలపై నడకకు వ్యయమగు శక్తితోనే సైకిలుమీద మూడింతలు, కొన్నివేళల నంతకు మించియు, దూరము పోవచ్చును. ఇంటికిని పాఠశాలకును నడుమ 5 కిలోమీటర్ల దూరమున్నదనుకొందము. నడచినచో గంట పట్టును. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున సైకిలు త్రొక్కినచో 20 నిమిషములు చాలును. రాకపోకలు రెంటికిని కలిపి దినమునకు 80 నిమిషములు మిగులును. సంవత్సరమునకు 200 పాఠశాల దినములని లెక్కించినచో 266 గంటలు మిగులుచున్నవి. అనగా పదునొకండు పూర్ణ దివారాత్రములు! ఒక విద్యార్థికి ఇది స్వల్పమైన కానుక కాదు.

వెల తగ్గుట

యంత్రము బాగుపడినంతమాత్రమున అది పేదవారి కందదు. ఇంగ్లండులో మొదట సైకిలు ధనికుల వినోదమై యుండెను. 1890 తరువాత కర్మాగారములు హెచ్చి వెలలు తగ్గుటయు, వాడిన బండ్లు చౌకగ దొరకుటయు సంభవించి అది పనివారి వాహనమయ్యెను. మన దేశమునకు మొదట వచ్చిన సైకిళ్ళు ఇంగ్లండు సరకులే. ర్యాలీ, హంబరు, హెర్క్యులిస్ అను పేరులు మన తాతల నోట మెలగినవి. ఆ దినములలో సైకిలు గలవాడు ఊరిలో నొక గౌరవనీయుడు. పురపాలక సంఘములు దానిపై పన్ను విధించి బిళ్ళ నిచ్చెడివి. రాత్రివేళ దీపము లేక పోవువానిని పోలీసువారు పట్టుకొనెడివారు.

స్వాతంత్ర్యానంతరము సైకిలు మన కర్మాగారములలోనే తయారగుట విరివియయ్యెను. మద్రాసున టి.ఐ. సైకిల్స్ 1949లోను, హర్యానాలోని సోనీపట్టున అట్లాస్ 1951లోను ఆరంభమైనవి. పంజాబులోని లూధియానాయందు హీరో సంస్థ 1956లో సైకిళ్ళ తయారీకి పూనుకొని, ముప్పది సంవత్సరములలో, అనగా 1986 నాటికి, ప్రపంచమున మిక్కిలి హెచ్చుగ సైకిళ్ళు చేయు సంస్థయని గిన్నిసు గ్రంథమున కెక్కెను. కొనలేనివారికి అద్దె సైకిలు అక్కరకు వచ్చెడిది. మన తెలుగు పట్టణములలో గంటకింతయని సైకిళ్ళ నిచ్చు దుకాణము లేని వీధి ఒకప్పుడు అరుదు. పెక్కుమంది బాలురు కడ్డీ క్రిందనుండి కాలు దూర్చి సైకిలు నేర్చుకొన్నది అట్టి అద్దె బండ్లమీదనే.

2011 జనాభా లెక్కలలో మన దేశపు కుటుంబములలో నూటికి 44.8 కుటుంబములకు సైకిలు గలదని తేలినది. వ్యవసాయమునకును గృహపరిశ్రమలకును వెలుపల పనిచేయువారిలో రెండుకోట్ల అరువది లక్షలకు పైగా జనులు సైకిలుపైననే పనికి బోవుచున్నట్లు ఆ లెక్కలే తెలిపినవి. ఈ సంఖ్య యనేక దేశముల పూర్ణ జనసంఖ్యను మించినది. ఇందరు త్రొక్కుచున్నను రోడ్లు వేయువారు వీరిని తలచుకొనుట అరుదని యీ వ్యాసమున ముందు చూడగలము.

ఆచారము అడ్డుపడుట

వెల తగ్గిన పిమ్మటను సైకిలు అందరకును దక్కలేదు. అది ఎవరెక్కవచ్చును, ఎవరెక్కరాదు అని లోకము నియమములు గల్పించెను. పాశ్చాత్య దేశములలోను స్త్రీలు సైకిలెక్కుటను మొదట పరిహసించిరి. కాని అమెరికాలో స్త్రీల వోటుహక్కుకై జీవితమంతయు పాటుపడిన సూజన్ బి. ఆంథొనీగారు, స్త్రీల స్వాతంత్ర్యమునకు సైకిలు చేసినంత మేలు మరి యేదియు చేయలేదని 1896లో అభిప్రాయపడిరి.

మన దేశమున ఈ నియమములు మరింత కఠినములు. ఆడుపిల్ల సైకిలెక్కుట తగదనుట యొకటి. దానికంటె క్రూరమైనది వేరొకటి గలదు. పెక్కు గ్రామములలో దళితులు పై కులములవారి వీధిని దాటునపుడు సైకిలు దిగి నడిపించుకొని పోవలెనను కట్టడి యుండెను. తన కష్టార్జితముతో కొన్న బండిని తానెక్కుటకు సాటి మనుజుని యనుమతి కావలసివచ్చినది! 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. ఆ రద్దు గ్రంథములలో ఒక్కనాటనే జరిగినను వీధులలో మెల్లమెల్లగ జరిగినది. కొన్ని తావుల ఇంకను జరుగవలసియున్నది. సైకిలుపై తల యెత్తుకొని వీధి దాటిపోయిన మొదటి దళిత యువకుని ధైర్యము ఏ యుద్ధవీరుని ధైర్యమునకును తీసిపోదని మా తలంపు.

స్త్రీల విషయమున మన పొరుగురాష్ట్రమగు తమిళనాడు మంచి నిదర్శనము చూపినది. పుదుక్కోట్టై జిల్లా మిక్కిలి వెనుకబడిన ప్రాంతములలో నొకటి. 1991లో అచ్చట సంపూర్ణ అక్షరాస్యతోద్యమము 'అఱివొళి' యను పేర సాగినది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్‌గారు చదువుతోపాటు సైకిలు నేర్చుటయు స్త్రీలకు పాఠముగ నుండవలెనని తలచిరి. చదువు చెప్పబోవు స్త్రీలు ఊరూరికి బోవుటకు ఇతరులపై నాధారపడకుండుటయే ముఖ్యోద్దేశము. ఫలితము ఎవరును ఊహింపనంతటిదయ్యెను. పొలముకూలీలు, రాతిగనులలో పనిచేయువారు, అంగనవాడి పనివారు, ఉపాధ్యాయినులు లక్షకు పైగా సైకిలు నేర్చిరి. ఆడువారి సైకిళ్ళు చాలినన్ని దొరకకపోగా మగవారి సైకిళ్ళనే కొనిరి. ముందరి కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని వానినే మేలుగ నెంచినవారును గలరు.

ఈ వృత్తాంతమును లోకమునకు తెలిపినవారిలో పాలగుమ్మి సాయినాథ్‌గారు ముఖ్యులు. వీరు మన తెలుగువారు, రాష్ట్రపతిగ నుండిన వరాహగిరి వేంకటగిరిగారి మనుమలు. వీరు వ్రాసినదానిని బట్టి చూడగా సైకిలు వలన ఆ స్త్రీలకు కలిగిన లాభము రెండు విధములు. మొదటిది కాలము. బస్సు కొరకును, భర్త కొరకును, అన్నదమ్ముల కొరకును కనిపెట్టుకొని యుండవలసిన గంటలు మిగిలినవి. నీరు తెచ్చుకొనుట, సరకు అమ్ముకొనుట సులభమైనవి. రెండవది ఆత్మగౌరవము. మొదటిదానిని లెక్కింపవచ్చును. రెండవదానికి లెక్క లేదు గాని, ఆ స్త్రీలు రెండవదానినే మిన్నగ నెంచిరి.

బాలికల చదువు విషయమున బీహారు రాష్ట్రము చేసిన ప్రయత్నమును మన తల్లిదండ్రులు తెలిసికొనదగినది. అచ్చట ప్రతి యూరికి దగ్గర ప్రాథమిక పాఠశాల యున్నను ఉన్నత పాఠశాల దూరము. బాలిక తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి దూరమును, దారిభయమును కలిసి ఆమె చదువును ముగించుచుండెను. 2006లో ఆ ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరిన ప్రతి బాలికకును సైకిలు కొనుటకు 2,000 రూపాయల నిచ్చుట కారంభించెను. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దీని ఫలితమును పొరుగుననున్న ఝార్ఖండు రాష్ట్రముతోను, అచ్చటి బాలుర సంఖ్యతోను పోల్చి పరిశోధించి 2017లో ప్రకటించిరి. ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి 32 వంతులు పెరిగినదనియు, బాలబాలికల నడుమ నుండిన వ్యత్యాసము నూటికి 40 వంతులు తగ్గినదనియు వారు తేల్చిరి. పాఠశాల 3 కిలోమీటర్లుగాని అంతకంటె హెచ్చుగగాని దూరమున్న గ్రామములలోనే మేలు విశేషముగ కానవచ్చెను. బియ్యము నిచ్చినను, బట్టల నిచ్చినను ఇంటిలో కలిసిపోవచ్చును. సైకిలు మాత్రము బాలికను దినదినమును పాఠశాల ద్వారమునకు చేర్చును. ఒంటరిగ పోజాలని బాలికలు గుంపుగ పోసాగిరి. గుంపుగ పోవు బాలికలను చూచి చూచి ఊరివారి కన్నులు అలవాటుపడినవి. ఆచారము మాటలతోగాక అలవాటుచేతనే మారుననుటకు ఇది తార్కాణము.

ఇట్టి ప్రయత్నములు వేరుచోట్లను జరిగినవి. పశ్చిమ బెంగాలులో 2015లో 'సబుజ్ సాథీ' పేరను, ఆంధ్రప్రదేశమున 2017లో 'బడికొస్తా' పేరను విద్యార్థులకు సైకిళ్ళు పంచిరి. 2020లో కరోనా వ్యాధి కారణమున బండ్లు, బస్సులు నిలిచిపోయినప్పుడు, 15 సంవత్సరముల బీహారు బాలిక యొకతె గాయపడిన తండ్రిని వెనుక కూర్చుండబెట్టుకొని హర్యానాలోని గురుగ్రామమునుండి దర్భంగా ప్రాంతమునందలి స్వగ్రామమునకు సుమారు 1,200 కిలోమీటర్లు సైకిలు త్రొక్కెను. అందరును ఆమెను ప్రశంసించిరి. ప్రశంస తగినదే. కాని యొక బాలికకు అట్టి యవసరము కలిగినందులకు మనము సిగ్గుపడుటయు తగినదే.

బాట: మిగిలియున్న అడ్డుగోడ

సైకిలు కొనగల శక్తియు, ఎక్కుటకు స్వేచ్ఛయు కలిగిన పిమ్మట ఒక ప్రశ్న మిగులును. ప్రొద్దున సైకిలెక్కి పోయిన బిడ్డ సాయంకాలమున క్షేమముగ ఇల్లు చేరునా? ఈ ప్రశ్నకు సరియైన ప్రత్యుత్తరము చెప్పిన దేశము నెదర్లాండ్సు. ఆ దేశీయులు పుట్టుకతోనే సైకిలు ప్రియులని పెక్కుమంది తలంతురు. అది పూర్తిగ నిజము కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అచ్చటను కార్లు పెరిగి సైకిళ్ళు తగ్గిపోయెను. వీధులను వెడల్పు చేయుటకై ఇండ్లను సైతము పడగొట్టిరి. 1971వ సంవత్సరమొక్కదానిలో ఆ చిన్నదేశపు రోడ్లపై 3,000 మందికి పైగా మరణించిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. బిడ్డను పోగొట్టుకొన్న యొక పత్రికారచయిత వ్రాసిన వ్యాసముతో 'శిశుహత్య మానుడు' అను అర్థముగల పేరుతో ఉద్యమము పుట్టినది. తల్లిదండ్రులు పిల్లలతో వీధుల కెక్కిరి. అదే కాలమున, 1973లో, చమురు కరవు వచ్చి ఆదివారములందు కార్లు నడపరాదని ప్రభుత్వము శాసించెను. నిశ్శబ్దమైన వీధులలో పిల్లలు ఆడుకొనుట జూచి జనులకు కన్నులు తెరచుకొన్నవి. ఆ తరువాత హేగ్, టిల్బర్గ్, డెల్ఫ్ట్ నగరములలో సైకిలు బాటలను నిర్మింప నారంభించిరి.

వారు పాటించిన సూత్రము సులభమైనది. మోటారులు వేగముగ పోవు రోడ్డుపై సైకిలునకు వేరుబాట వేయవలెను. వేరుబాటకు చోటు లేని వీధిలో మోటారు వేగమునే గంటకు 30 కిలోమీటర్లకు తగ్గింపవలెను. ఈ 30 అను సంఖ్య యొక్క మర్మమును భౌతికశాస్త్రము చదువు మన విద్యార్థులు గ్రహింపగలరు. చలించు వస్తువుయొక్క శక్తి దాని వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 30 వర్గము 900. 50 వర్గము 2,500. కావున 50 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి తాకిడి 30 కిలోమీటర్ల వేగమున వచ్చుదానికి దాదాపు మూడింతలు. బండివాడు రెండు నిమిషములు మిగుల్చుకొనుటకై సైకిలువాని ప్రాణమునకు మూడింతల యపాయము కల్పించుచున్నాడన్నమాట.

నేడు నెదర్లాండ్సు జనసంఖ్యకంటె అచ్చటి సైకిళ్ళ సంఖ్యయే హెచ్చు. ఆ దేశీయులు చేయు ప్రయాణములలో నాలుగవ వంతునకు పైగా సైకిలు ప్రయాణములే. మోటారులు ఎంతో పెరిగినను రోడ్డు మరణములు ఇటీవలి సంవత్సరములలో 800 లోపుననే యున్నవి. మంత్రులును, అవ్వలును, బడిపిల్లలును ఒకే బాటపై సైకిలు త్రొక్కుదురు. అచ్చట సైకిలు పేదరికమునకు గుర్తు కాదు. పారిస్ నగరమును అట్టి మార్పునే పొందుచున్నది. 2020 తరువాత అచ్చటి ప్రధాన వీధులలో కార్లను తగ్గించి సైకిలు బాటలు వేసిరి. 2024లో వెలువడిన పరిశీలన ప్రకారము నగరమధ్యమున కార్లపై చేయు ప్రయాణములు నూటికి 4.3 కాగా సైకిలు ప్రయాణములు 11.2. బాట వేసిన చోట జనులు సైకిలెక్కుదురు. ఎచ్చట భయము తొలగునో అచ్చట వినియోగము పెరుగును.

మన దేశపు స్థితి ఇందుకు భిన్నము. 2022లో మన రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నడచిపోవువారు 32,000 మందికి పైగాను, సైకిలువారు 4,800 మందికి పైగాను గలరు. హైదరాబాదునగరపు వెలుపలి వలయ రహదారి చెంత 2023లో సూర్యఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరవబడినది. అది హర్షింపదగినదే. కాని పాలు తెచ్చువాడును, మేస్త్రీయు, బడిపిల్లలును దినదినమును త్రొక్కునది ఊరి నడిమి రోడ్డునే. అచ్చట గీత గీచినచోట బండ్లు నిలిపియుండును, కాలిబాట యున్నచోట దుకాణములుండును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ననుసరించి మన కుటుంబములలో సగమింటికి సైకిలును, దాదాపు సగమింటికే మోటారుసైకిలుగాని స్కూటరుగాని గలవు. మోటారు కొనగలిగినవాడు సైకిలును వదలుచున్నాడు. కొనలేనివాడు భయపడుచు దానినే త్రొక్కుచున్నాడు. దీనిని సైకిలు వృద్ధియనుటకు వీలులేదు. శక్తి గలవాడును ఇష్టపూర్వకముగ ఎక్కుటయు, శక్తి లేనివాడు నిర్భయముగ ఎక్కుటయు నిజమైన వృద్ధి.

మనము చేయదగినది

రోడ్డు వేయుట ప్రభుత్వము పని. అయినను మన చేతిలోని పనియు కొంత గలదు.

విద్యార్థులారా! సైకిలెక్కుటకు ముందు బ్రేకులు రెండును పట్టుచున్నవో లేదో చూడుడు. గొలుసునకు నూనె వేయుడు. చక్రమున గాలి చాలినంత యుండనిండు. రాత్రివేళ ముందు దీపమును, వెనుక ఎఱ్ఱని మెరుపుబిళ్ళయు నుండవలెను. ఎడమప్రక్కనే పొండు. మలుపు తిరుగుటకు ముందు వెనుకకు చూచి చేయి చాపుడు. లారీ ప్రక్కన, ముఖ్యముగ దాని ఎడమప్రక్కన, ఎన్నడును నిలువకుడు. డ్రైవరునకు మీరు కనబడరు. ముగ్గురు నలుగురు ప్రక్కప్రక్కగ మాటలాడుకొనుచు పోకుడు. పంక్చరు వేయుటయు, బ్రేకు బిగించుటయు స్వయముగ నేర్చుకొనుడు. అట్టి చేతిపని తెలియుట ఏ విద్యకును అవమానము కాదు.

తల్లిదండ్రులకు మా మనవి. కుమారునకు కొన్నట్లే కుమార్తెకును సైకిలు కొనుడు. ఎదుగు బిడ్డకు రెండేండ్ల తరువాత సరిపోవుననుచు మిక్కిలి ఎత్తైన బండి నీయకుడు. కాళ్ళు నేల కందని సైకిలు అపాయకరము. పదునెనిమిదేండ్లు నిండని కుమారునకు మోటారుసైకిలు తాళపుచెవి నిచ్చుట ప్రేమ కాదు. దూరము ఎక్కువయని బాలికను బడి మానిపించుటకు ముందు, ఆ యూరినుండి వచ్చు తక్కిన బాలికల తల్లిదండ్రులతో మాటలాడి వారిని గుంపుగ పంపు ఏర్పాటు చేయుడు.

ఉపాధ్యాయులును పాఠశాల పెద్దలును చేయదగిన పనులు మూడు గలవు. సైకిళ్ళు నిలుపుటకు ఎండవాన తగలని పాక నొకటి ఏర్పరచుట మొదటిది. కార్లకు నీడయు సైకిళ్ళకు ఎండయు నున్న పాఠశాలలో విద్యార్థులు నేర్చుకొను పాఠము మంచిది కాదు. సంవత్సరారంభమున రోడ్డు నియమములను తరగతిలోనే గాక ఆటస్థలమున సైకిళ్ళతో నేర్పుట రెండవది. పాఠశాల వీధిలో బండ్ల వేగమును తగ్గించు గట్టులకును హెచ్చరిక పలకలకును పంచాయతీకిగాని పురపాలక సంఘమునకుగాని తల్లిదండ్రుల సంతకములతో అర్జీ నిచ్చుట మూడవది. నెదర్లాండ్సులో మార్పు వచ్చినది తల్లిదండ్రుల మాట బలపడిన పిమ్మటనే.

యెరికో త్రోవలో గాయపడియున్న బాటసారిని చూచి ప్రక్కకు తొలగిపోయినవారి కథను మన పాఠశాలలో ఎరుగనివారు లేరు. పరోపకారియగు సమరయుడు గాయమును కట్టెను. ఆ కథనుండి నేటివారు నేర్చుకొనదగిన మరియొక విషయము గలదని మేము తలంచుచున్నాము. గాయపడిన పిమ్మట కట్టు కట్టుట పుణ్యము. గాయము తగులకుండ త్రోవనే బాగుచేయుట అంతకంటె మేలైన పుణ్యము. స్వల్పమైన వెలకు, పొగ లేక, చప్పుడు లేక, ఎవరినిని బాధింపక పోవు వాహనమును సామాన్యులు ఎన్నుకొన్నారు. వారికి క్షేమమైన బాట నిచ్చుట మిగిలిన మనవారందరి ఋణము.